వదులుకోవడం తెలిస్తేనే గని దక్కుతుంది

ఖనిజాన్వేషణ ప్రాజెక్టుల్లో అత్యధికం గని దాకా రావు. వంద చోట్ల వెతుకులాట మొదలైతే అందులో ఒక్కటి గనిగా మారినా పరిశ్రమ దాన్ని విజయంగానే లెక్కిస్తుంది. ఆ ఒక్కటీ నిక్షేపంగా బయటపడిన నాటి నుంచి మార్కెట్‌కు ఖనిజం పంపే నాటికి పదిహేనేళ్లు గడవడం ప్రపంచమంతటా మామూలే. తొంభై తొమ్మిది ప్రాజెక్టులు మధ్యలో ఆగిపోయే రంగంలో అసలు నైపుణ్యం రెండు చోట్ల కనిపిస్తుంది. ఆగిపోయేవాటిని తక్కువ ఖర్చుతో, త్వరగా ఆపగలగాలి. నిలిచేదాన్ని అనుమతులు, నిధులు, జనం ఆమోదం దాకా తడబడకుండా నడిపించగలగాలి. ఖనిజాన్వేషణ నిర్వహణ అంటే ప్రధానంగా ఈ రెండూ.

అన్వేషణలో ప్రతి రూపాయి ఒక సమాచారాన్ని కొంటుంది. తొలి దశల్లో ఆ సమాచారం చవక. పాత నివేదికలు చదవడం, పటాలు పోల్చడం, వాగుల్లో మట్టి నమూనాలు తీయడం లక్షల్లో తేలిపోతాయి. బోరు యంత్రం దిగాక లెక్క కోట్లకు ఎక్కుతుంది. సాధ్యాసాధ్యాల అధ్యయనం, గని నిర్మాణం వందల, వేల కోట్లు మింగుతాయి. మరోవైపు అనిశ్చితి దశ దశకూ తగ్గుతుంది. ఖర్చు పెరిగే వేగాన్ని అనిశ్చితి తగ్గే వేగం అందుకుంటేనే ముందుకు సాగడంలో అర్థం ఉంటుంది. అందుకే ప్రతి దశ చివర ఒక నిర్ణయం తప్పదు. కొనసాగించడమా, మార్చుకోవడమా, వదిలేయడమా?

భారతదేశంలో ఈ దశలను 2015 నాటి ఖనిజ సాక్ష్యాల నిబంధనలు నాలుగు మెట్లుగా గుర్తించాయి. జీ4 స్థూల పరిశీలన, జీ3 ప్రాథమిక అన్వేషణ, జీ2 సాధారణ అన్వేషణ, జీ1 సవివర అన్వేషణ. ఐక్యరాజ్యసమితి రూపొందించిన వర్గీకరణ విధానం దీనికి ఆధారం. మెట్టు దిగే కొద్దీ నమూనాలు దగ్గరవుతాయి, అంచనాపై నమ్మకం పెరుగుతుంది.

భావనతో మొదలు

ఎక్కడ వెతకాలన్నది తొలి ప్రశ్న. దానికి సమాధానం ఇచ్చేది భూవిజ్ఞాన భావన. ఏ లోహం ఏ శిలల నుంచి వచ్చింది, ఏ దారిన కదిలింది, ఎక్కడ చేరింది, ఆ తర్వాత కోట్ల ఏళ్లలో కోతకు గురికాకుండా మిగిలిందా అన్న గొలుసు కథనమే ఆ భావన. దక్షిణ ఆస్ట్రేలియాలోని ఒలింపిక్ డ్యామ్ నిక్షేపం భావన బలాన్నీ, దాని పరిమితినీ ఒకేసారి చూపిస్తుంది.

1970లలో వెస్టర్న్ మైనింగ్ కార్పొరేషన్ రాగి కోసం వెతుకుతోంది. బసాల్ట్ శిలలు రసాయనిక మార్పుకు లోనైనప్పుడు వాటిలోని రాగి విడుదలై, పొరుగున ఉన్న అవక్షేప శిలల్లో చేరుతుందన్నది ఆ సంస్థ శాస్త్రవేత్తల ఆలోచన. అలాంటి బసాల్ట్‌లు భూమి లోతుల్లో ఉండే అవకాశమున్న చోట్లను గురుత్వాకర్షణ పటం, అయస్కాంత పటం కలిపి చూసి ఎంచారు. పైన ఏ ఆనవాలూ లేని ఎడారి నేలలో 1975లో తొలి బోరు వేశారు. సుమారు 350 మీటర్ల లోతున 38 మీటర్ల మందాన ఒక శాతం రాగి తగిలింది. ఆ తర్వాత వేసిన బోర్లలో చాలావరకు నిరాశే మిగిలింది. 1976 నవంబరులో పదో బోరు 170 మీటర్ల మేర రెండు శాతానికి పైబడిన రాగిని, దాంతో పాటు యురేనియాన్నీ చూపించింది. 1988లో ఉత్పత్తి మొదలైంది.

బయటపడిన నిక్షేపం మాత్రం అనుకున్న రకం కాదు. అవక్షేప శిలల్లోని రాగి కోసం వెళ్లినవారికి ఇనుము దండిగా ఉన్న బద్దలైన శిలల్లో రాగి, యురేనియం, బంగారం, వెండి కలిసి దొరికాయి. ప్రపంచంలోని అతిపెద్ద యురేనియం నిక్షేపంగా ఇవాళ దాన్నే లెక్కిస్తారు. భావన అక్కడ ఎక్కడ తవ్వాలో నిర్ణయించడానికి పనికొచ్చింది. తవ్వాక వచ్చిన సాక్ష్యం ఆ భావనను సరిదిద్దింది. నిర్వాహకులు తమ సిద్ధాంతాన్ని పట్టుకుని వేలాడి ఉంటే, లేదా రెండు మూడు ఖాళీ బోర్లకే వెనుదిరిగి ఉంటే ఆ గని లేదు. ఎన్ని బోర్ల దాకా ఓపిక పట్టాలి, ఏ ఫలితం వస్తే ఆపాలి అన్నవి యంత్రం దిగక ముందే కాగితం మీద ఉండాలని చెప్పడానికి ఇదే కారణం. ఖాళీ బోరు ఎదురుగా ఉన్నప్పుడు తీసుకునే నిర్ణయంలో నిరాశో, మొండితనమో దూరుతుంది.

క్షేత్రంలో వడపోత

భావన చూపిన వేల చదరపు కిలోమీటర్ల నుంచి బోరు వేయాల్సిన కొద్ది హెక్టార్లకు చేరడమే క్షేత్ర దశ పని. వాగుల ఇసుక, మట్టి, రాతి నమూనాల రసాయన విశ్లేషణ, విమానం నుంచి అయస్కాంత, రేడియోధార్మిక సర్వేలు, నేల మీద విద్యుత్, గురుత్వాకర్షణ కొలతలు ఇందులో ఆయుధాలు. ఏ ఒక్కటీ ఖనిజాన్ని నేరుగా చూపదు. చుట్టుపక్కల శిలలతో పోలిస్తే తేడా ఉన్న చోటును మాత్రం చూపుతుంది. ఆ తేడాకు ఖనిజం ఒక కారణం కావచ్చు. గ్రాఫైట్ పొర, ఉప్పునీరు, పాత లోహపు చెత్త కూడా కారణం కావచ్చు. అందుకే రెండు మూడు పద్ధతులు ఒకే చోటును చూపినప్పుడే దానికి ప్రాధాన్యం దక్కుతుంది.

తొలకరి పడగానే కర్నూలు, అనంతపురం జిల్లాల్లోని తుగ్గలి, జొన్నగిరి, వజ్రకరూరు పొలాల్లో జనం వజ్రాల కోసం కళ్లు పెట్టి వెతకడం తెలుగువారికి కొత్త కాదు. వాన నీరు కడిగిన నేలపై దొరికే ఆ రాయి ఎక్కడో ఉన్న మూల శిల నుంచి కొట్టుకొచ్చింది. వృత్తి అన్వేషకులూ ఇదే సూత్రాన్ని తిరగేసి వాడతారు. వజ్రాల కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా దొరికే గార్నెట్, ఇల్మెనైట్, క్రోమైట్ లాంటి తోడు ఖనిజాల గింజలను వాగు ఇసుకలో ఏరి, అవి పెరుగుతున్న దిశగా ఎగువకు నడిచి మూల శిలను పట్టుకుంటారు. మధ్యప్రదేశ్‌లోని ఛత్తర్‌పూర్ జిల్లా బందర్ వజ్ర నిక్షేపాన్ని 2004లో బయటపెట్టిన రియో టింటో సంస్థ విస్తారమైన ప్రాంతాన్ని జల్లెడ పట్టాకే అక్కడికి చేరింది.

పాత సమాచారం ఈ దశలో పెద్ద ఆస్తి. 1851లో పుట్టిన భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ దగ్గర తరతరాల పటాలు, నివేదికలు ఉన్నాయి. యురేనియం అన్వేషణను నడిపే అణు ఖనిజ డైరెక్టరేట్, జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఎన్‌ఎండీసీ హైదరాబాద్‌లోనే కొలువై ఉన్నాయి. ఇలాంటి సంస్థల సమాచారాన్ని ఒకచోట చేర్చే జాతీయ భూవిజ్ఞాన సమాచార నిధిని కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభించింది. అందులో ఖాళీ బోర్ల వివరాలు కూడా చేరితేనే దాని విలువ పూర్తవుతుంది. ఒక చోట ఏమీ దొరకలేదన్న సమాచారం తర్వాత వచ్చేవారికి ఏళ్ల శ్రమను మిగులుస్తుంది.

ఈ దశలో నిర్వాహకులు తరచూ చేసే పొరపాటు అన్ని చోట్లకూ సమానంగా డబ్బు పంచడం. ఇరవై చోట్లలో తలా కొంచెం పని చేస్తే ఏదీ తేలదు. వాటికి శ్రేణులు కట్టి, అట్టడుగున ఉన్నవాటిని వదిలి, పైనున్న మూడు నాలుగింటిని గట్టిగా పరీక్షించడం మేలు. వదిలిన భూమిని ప్రభుత్వానికి తిరిగి అప్పగించడమూ ఇందులో భాగమే.

బోరు, కోర్, నిజాయతీ

డ్రిల్లింగ్‌తో ఊహకు తొలి పరీక్ష ఎదురవుతుంది. వజ్రపు బిట్టుతో తొలిచి తీసిన స్తంభాకారపు రాయిని కోర్ అంటారు. దాన్ని మీటరు మీటరుకూ చదివి, నిలువునా కోసి, ఒక సగాన్ని ప్రయోగశాలకు పంపుతారు. రెండో సగాన్ని భద్రపరుస్తారు. ఎప్పుడైనా, ఎవరైనా వచ్చి మళ్లీ పరీక్షించుకోవడానికి ఆ సగమే సాక్ష్యం. ప్రయోగశాలకు పంపే నమూనాల మధ్య లోహమే లేని ఖాళీ నమూనాలను, ముందే విలువ తెలిసిన ప్రామాణిక నమూనాలను, ఒకే రాయి నుంచి తీసిన జంట నమూనాలను కలిపి పంపుతారు. ప్రయోగశాల తప్పు చేసినా, దారిలో కల్తీ జరిగినా ఇవి పట్టిస్తాయి.

ఈ జాగ్రత్తలు లేకపోతే ఏమవుతుందో బ్రీ-ఎక్స్ ఉదంతం చెబుతుంది. ఇండోనేషియాలోని బుసాంగ్‌లో అపారమైన బంగారం ఉందని ప్రకటించిన ఈ కెనడా కంపెనీ విలువ 1990ల మధ్యలో వందల కోట్ల డాలర్లకు ఎగబాకింది. అక్కడ కోర్‌ను సగం కోసి దాచే ఆనవాయితీ పాటించలేదు. దాదాపు మొత్తం రాయినీ పొడి చేసి పరీక్షకు పంపారు. ఆ పొడిలో బయటి బంగారాన్ని కలిపారు. భాగస్వామిగా చేరబోయిన ఫ్రీపోర్ట్ సంస్థ 1997లో తానే స్వయంగా బోర్లు వేయించి చూసినప్పుడు లెక్కకు వచ్చేంత బంగారం లేదని తేలింది. షేర్లు కొన్న సామాన్యుల పొదుపు ఆవిరైంది. ఆ తర్వాతే కెనడా ఖనిజ ప్రకటనలకు కఠిన నిబంధనలు తెచ్చింది. అంచనాను ప్రకటించే ముందు అర్హత గల నిపుణుడు తన పేరు మీద బాధ్యత వహించాలన్నది వాటిలో ముఖ్యమైనది.

బుసాంగ్ మోసం వెలుగులోకి రావడానికి పట్టిన కాలానికి ఇంకో కారణం ఉంది. ప్రాజెక్టును కనిపెట్టినవారే దాన్ని పరీక్షించేవారు, ప్రకటించేవారు కూడా. మంచి సంస్థల్లో క్షేత్రంలో పనిచేసే బృందం వేరు, తర్వాతి దశకు డబ్బు మంజూరు చేసే సమీక్షా బృందం వేరు. ఏళ్ల తరబడి ఎండలో తిరిగి కనుక్కున్న చోటుపై భూవిజ్ఞానికి మమకారం సహజం. ఆ మమకారానికి కళ్లెం వేయాల్సింది వ్యవస్థే.

వనరు వేరు, నిల్వ వేరు

బోర్ల మధ్య దూరం తగ్గే కొద్దీ అంచనా గట్టిపడుతుంది. దూరదూరంగా వేసిన బోర్లతో వచ్చేది ఊహాత్మక వనరు. దగ్గర చేస్తే సూచిత వనరు, ఇంకా దగ్గర చేస్తే నిర్ధారిత వనరు. వీటిలో ఏదీ నిల్వ అనిపించుకోదు. తవ్వే పద్ధతి, శుద్ధి చేసే విధానం, ధర, రవాణా, చట్టం, పర్యావరణం, స్థానికుల సమ్మతి అన్నీ అనుకూలించి, లాభసాటిగా తీయగలమని అధ్యయనం తేల్చిన భాగమే నిల్వ. ఐక్యరాజ్యసమితి వర్గీకరణ ఈ సంగతినే మూడు అంకెల్లో చెబుతుంది. మొదటిది ఆర్థిక, సామాజిక అనుకూలత. రెండోది సాంకేతిక సాధ్యత. మూడోది భూవిజ్ఞాన నమ్మకం. 111 అని ఉంటే నిరూపిత నిల్వ. 333 అని ఉంటే ఇంకా ఊహాత్మక వనరే.

జమ్మూకశ్మీర్‌లోని రియాసీ లిథియం ఈ తేడాను విస్మరించిన ఫలితం. 2023 ఫిబ్రవరిలో అక్కడ 59 లక్షల టన్నుల ఊహాత్మక వనరు ఉందన్న అధికారిక ప్రకటన వెలువడింది. అది జీ3 దశ అంచనా. ఆ టన్నులు ముడిఖనిజానివి, అందులోని లిథియం లోహానివి కావు. ప్రపంచ లిథియం పటంలో భారత్ పైవరుసలోకి చేరిందన్న ప్రచారం మాత్రం క్షణాల్లో దేశమంతా పాకింది. బంకమట్టి స్వభావం గల అలాంటి రాయి నుంచి లిథియాన్ని వాణిజ్య స్థాయిలో వేరు చేసే పద్ధతులు ప్రపంచంలోనే ఇంకా నిలదొక్కుకోలేదు. బ్లాకును వేలానికి పెడితే చాలినంతమంది బిడ్డర్లు రాలేదు. రెండోసారీ అదే జరిగింది. ఇక్కడ తప్పు భూవిజ్ఞానులది కాదు, నివేదికలో వారు తమ పరిమితిని రాసే ఇచ్చారు. ఆ పరిమితి ప్రకటనల్లో కనిపించకుండా పోయింది.

వనరు నిల్వగా మారడంలో శుద్ధి విధానం ఎంత కీలకమో వైఎస్సార్ కడప జిల్లా తుమ్మలపల్లె చెబుతుంది. అక్కడి సున్నపు జాతి శిలల్లో యురేనియం ఉందని అణు ఖనిజ డైరెక్టరేట్ 1980లలోనే గుర్తించింది. నాణ్యత తక్కువ. పైగా యురేనియాన్ని మామూలుగా ఆమ్లంతో కరిగిస్తారు. ఈ శిల ఆ ఆమ్లాన్నే తినేస్తుంది. దాంతో ఏళ్ల పాటు ఆ నిక్షేపం కాగితాలకే పరిమితమైంది. అధిక ఉష్ణోగ్రత, పీడనాల వద్ద క్షారంతో కరిగించే ప్రక్రియ సిద్ధమయ్యాకే గనికి, మిల్లుకు దారి దొరికింది. 2007లో శంకుస్థాపన జరిగింది, 2012లో మిల్లు మొదలైంది. నేల కింద రాయి మారలేదు, దాన్ని వాడుకునే జ్ఞానం మారింది. అందుకే లోహశాస్త్ర పరీక్షలను చివరిదాకా వాయిదా వేయకుండా తొలి కోర్ చేతికి రాగానే చిన్న ఎత్తున మొదలుపెట్టాలని అనుభవజ్ఞులు చెబుతారు.

కాగితం మీద గని

గట్టి వనరు చేతికొచ్చాక మూడు అంచెల అధ్యయనం సాగుతుంది. ప్రాథమిక అధ్యయనం ప్రాజెక్టుకు అర్థం ఉందా అని మాత్రమే చూస్తుంది. దాని వ్యయ అంచనాలో సగం వరకూ తేడా రావచ్చు. పూర్వ సాధ్యాసాధ్యాల అధ్యయనం ఎన్నో ప్రత్యామ్నాయాలను పోల్చి ఒకదాన్ని ఎంచుతుంది. ఓపెన్‌కాస్టా, భూగర్భ గనా? ఏడాదికి ఎన్ని టన్నులు? నీరు ఎక్కడిది, కరెంటు ఎక్కడిది, వ్యర్థాలు ఎక్కడ పోయాలి? చివరిదైన పూర్తి సాధ్యాసాధ్యాల అధ్యయనం ఎంచుకున్న ఒక్క మార్గాన్నే పదీ పదిహేను శాతం తేడాకు మించని అంచనాతో బ్యాంకుల ముందు నిలబెడుతుంది. రెండో అంచెను దాటవేసి నేరుగా మూడోదానికి దూకడం తరచూ జరిగే తప్పు. అలా చేస్తే తొందరపాటుగా ఎంచుకున్న మార్గాన్ని ఖరీదైన లెక్కలతో సమర్థించుకోవడమే మిగులుతుంది.

ధర మీద పెట్టుకునే ఊహ ఈ లెక్కల్లో అన్నిటికంటే ప్రమాదకరం. గని కట్టడానికి నాలుగైదేళ్లు, నడవడానికి ఇరవై ఏళ్లు పడతాయి. ఇవాళ్టి గరిష్ఠ ధరతో లాభం చూపే ప్రాజెక్టు రేపటి మామూలు ధరకు కూలిపోవచ్చు. తక్కువ ధర దగ్గర కూడా నిలబడుతుందా అని పరీక్షించి చూడటం సమీక్షకుల బాధ్యత.

మెట్లు తారుమారు చేస్తే ఏమవుతుందో ఒడిశాలోని లాంజిగఢ్ చూపింది. నియమగిరి కొండల బాక్సైట్‌పై హక్కు ఖాయం కాకముందే కొండ కింద ఏడాదికి పది లక్షల టన్నుల అల్యూమినా శుద్ధి కర్మాగారం లేచింది. గని రాలేదు. 2012 డిసెంబరులో బాక్సైట్ దొరక్క కర్మాగారం కొంతకాలం మూతపడింది. 2013లో సుప్రీంకోర్టు ఆదేశంతో జరిగిన 12 గ్రామసభలూ తవ్వకాలను తిరస్కరించాయి.

జనం చివరి పేజీ కాదు

నియమగిరిలో భూవిజ్ఞానం తప్పలేదు, ఖనిజం అక్కడే ఉంది. అనుమతిని లాంఛనంగా లెక్కించడమే పొరపాటు. ఖనిజాన్వేషణలో సామాజిక సమ్మతిని గనుల లీజు దరఖాస్తుతో పాటు మొదలుపెట్టే పత్రంగా చూడటం పాత అలవాటు. బోరు యంత్రం ఊళ్లోకి వచ్చిన రోజే ఆ ఊరు ఒక అభిప్రాయానికి వస్తుంది. ఆ తర్వాత దాన్ని మార్చడం కష్టం.

2019లో నల్లమలలో జరిగింది ఇదే. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో యురేనియం కోసం బోర్లు వేసే ప్రతిపాదనకు కేంద్ర అటవీ సలహా సంఘం సూత్రప్రాయ సమ్మతి తెలిపింది. తవ్వకాలు కాదు, అన్వేషణ మాత్రమేనన్న వివరణ ఎవరినీ ఒప్పించలేదు. చెంచు గూడేల నుంచి హైదరాబాద్ దాకా నిరసన పాకింది. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ వ్యతిరేక తీర్మానం చేసింది. ప్రజల వాదనలో బలం ఉంది. దొరికితే తవ్వే ఉద్దేశం లేకపోతే వెతకడం దేనికి? అభయారణ్యం నడిబొడ్డున నిక్షేపం దొరికినా తవ్వలేమని ముందే తెలిసినప్పుడు ఆ చోటును భావన దశలోనే పక్కన పెట్టాల్సింది. తుమ్మలపల్లెలో మిల్లు వ్యర్థాలను నిల్వ చేసే టెయిలింగ్ పాండ్ వల్ల బోర్ల నీరు పాడవుతోందని చుట్టుపక్కల పల్లెలు చేసిన ఫిర్యాదులు అప్పటికే నల్లమల దాకా చేరాయి. ఒక గని నడిచే తీరే తర్వాతి అన్వేషణకు తలుపు తెరుస్తుంది, లేదా మూస్తుంది.

షెడ్యూల్డ్ ప్రాంతాల సంగతి ఇంకా స్పష్టం. విశాఖ మన్యంలోని గనుల లీజులపై 1997లో వచ్చిన సమత తీర్పు అక్కడి భూములను గిరిజనేతర ప్రైవేటు సంస్థలకు లీజుకివ్వడం చెల్లదని తేల్చింది. బందర్ వజ్రాల కథ కూడా అడవి దగ్గరే చిక్కుకుంది. 3.42 కోట్ల క్యారెట్ల వనరు ఉందన్న ఆ నిక్షేపాన్ని రియో టింటో పదేళ్లకు పైగా పరిశోధించి, 2016లో వదులుకుంటున్నట్టు ప్రకటించి, 2017లో రాష్ట్ర ప్రభుత్వానికి అప్పగించింది. 2019 వేలంలో అది మరో సంస్థకు దక్కింది. రెండు లక్షలకు పైగా చెట్లు పోతాయన్న ఆందోళన కొత్త సంస్థకూ వారసత్వంగా వచ్చింది.

అన్వేషణ సర్వేలను అటవీయేతర పనిగా పరిగణించకుండా మినహాయించే అధికారం 2023లో అటవీ సంరక్షణ చట్టానికి చేసిన సవరణ కేంద్రానికి ఇచ్చింది. అనుమతి కాగితం సులువైనంత మాత్రాన ఊరి సమ్మతి రాదు. ప్రభావిత గ్రామాల కోసం ఏర్పాటైన జిల్లా ఖనిజ నిధికి డబ్బు గని నడిచాక రాయల్టీతో పాటు వస్తుంది. బోర్లు వేసే ఏళ్లలో పొలం గట్లు తెగినా, దారులు పాడైనా, వాగు నీరు మళ్లినా ఆ పల్లెకు నిధి నుంచి దక్కేదేమీ లేదు.

తెగిన గొలుసు

ప్రపంచంలో పెద్ద ఆవిష్కరణల్లో చాలావాటికి చిన్న అన్వేషణ కంపెనీలు కారణం. అవి షేర్ల మార్కెట్లో సేకరించిన డబ్బుతో ప్రమాదకరమైన తొలి దశలు నడిపి, దొరికినదాన్ని పెద్ద గనుల సంస్థకు అమ్మి లాభం పొందుతాయి. కనుక్కున్నవారికి ప్రతిఫలం ఖాయమన్న నమ్మకమే ఆ వ్యవస్థకు ఇంధనం. భారత చట్టంలో ఆ నమ్మకం పలుమార్లు తెగింది. 2015కు ముందు పరిశీలన పర్మిట్ నుంచి అన్వేషణ లైసెన్సుకు, అక్కడి నుంచి గనుల లీజుకు వెళ్లే దారి ఉండేది. అందులో విచక్షణాధికారం, జాప్యం ఎక్కువ. కర్నూలు జిల్లా జొన్నగిరి బంగారానికి ఒక ప్రైవేటు సంస్థ ఆ పాత దారిలోనే 2013లో లీజు పొందింది. పదేళ్లు గడిచి 2023 వచ్చినా అక్కడ పూర్తిస్థాయి ఉత్పత్తి మొదలు కాలేదు.

గనుల చట్టానికి 2015లో చేసిన సవరణ వేలాన్ని తెచ్చింది. పారదర్శకత పెరిగింది, రాష్ట్రాలకు ఆదాయం పెరిగింది. ఇనుము, సున్నపురాయి లాంటి పైపొరల ఖనిజాలకు ఆ విధానం సరిపోయింది. లోతున ఉండే బంగారం, రాగి, వజ్రాలకు సరిపోలేదు. ఏముందో తెలియని బ్లాకుకు ఎవరైనా ఎంతని పాడతారు? అదే చట్టానికి 2023లో చేసిన సవరణ ఈ లోటును ఒప్పుకుంది. 29 కీలక, లోతైన ఖనిజాలకు కొత్త తరహా అన్వేషణ లైసెన్సు తెచ్చింది. వెయ్యి చదరపు కిలోమీటర్ల దాకా తీసుకుని, మూడేళ్ల తర్వాత పావు వంతు మాత్రమే అట్టిపెట్టుకోవాలి. దొరికిన నిక్షేపాన్ని ప్రభుత్వం వేలం వేస్తే, గని దక్కినవారు చెల్లించే ప్రీమియంలో అన్వేషకుడికి వాటా వస్తుంది. 2025 మార్చిలో అలాంటి 13 బ్లాకుల వేలాన్ని కేంద్రం ప్రారంభించింది. అదే ఏడాది రూ.16,300 కోట్ల వ్యయంతో జాతీయ కీలక ఖనిజ మిషన్‌కు ఆమోదం లభించింది. 2030-31 నాటికి 1,200 అన్వేషణ ప్రాజెక్టులు లక్ష్యం.

భూమిని దశలవారీగా వదలాలన్న నిబంధన మంచి నిర్వహణ సూత్రమే. అయినా అన్వేషకుడి ప్రతిఫలం వేరొకరి గని ఎప్పుడు నడుస్తుందన్నదానిపై ఆధారపడటం బలహీనత. మధ్యలో పర్యావరణ, అటవీ, భూసేకరణ చిక్కులన్నీ ఉన్నాయి. వాటా ఎప్పటికో వచ్చే దారిలో చిన్న కంపెనీ అంతకాలం నిలవలేదు. 1,200 అన్న సంఖ్య ఇంకో ప్రశ్నను ముందుకు తెస్తుంది. ప్రాజెక్టుల సంఖ్యనే లక్ష్యంగా పెడితే అధికార యంత్రాంగం సంఖ్యనే పూర్తి చేస్తుంది. వాటిలో ఎన్ని సరైన సమయంలో ఆగాయి, ఎన్ని జీ4 నుంచి జీ2కు చేరాయి, ఒక్కో దశకు ఎంత ఖర్చైంది అన్న లెక్కలే అసలు ప్రగతిని చెబుతాయి.

చేయాల్సిన పనులు స్పష్టంగానే ఉన్నాయి. ప్రభుత్వ నిధులతో నడిచే ప్రతి అన్వేషణకూ ఆపే షరతులు ముందే రాసి ఉండాలి, ఆగిన ప్రాజెక్టుల నివేదికలు కూడా బహిరంగం కావాలి. లోతైన ఖనిజాల బ్లాకులను జీ4 దశలో వేలానికి తోసేయకుండా ఇంకో మెట్టు పనిని ప్రభుత్వం చేయించాలి. లేదా ఖాళీ బోర్ల ఖర్చులో కొంత భరించాలి. అన్వేషకుడికి వేలం ముగిసిన వెంటనే కొంత మొత్తం అందాలి. గని తెరిచే అవకాశమే లేని అభయారణ్యాలు, జీవనాడుల్లాంటి నీటి వనరుల ప్రాంతాలను పటం మీదే తొలగించాలి. బోరు వేసే గ్రామానికి వేసిన రోజు నుంచే సమాచారం, పరిహారం, అభిప్రాయం చెప్పే హక్కు దక్కాలి. జీ3 అంచనాను దేశ సంపదగా చాటే ప్రకటనలకు ప్రభుత్వాలు స్వస్తి చెప్పాలి. ఖనిజ భద్రతను టన్నుల ప్రకటనలతో కొలిచినంత కాలం దిగుమతుల బిల్లు తగ్గదు. దశ దశకూ నిజాయతీగా తీసుకున్న నిర్ణయాలే గనులను ఇస్తాయి, ఆపేయాలన్న నిర్ణయం కూడా వాటిలో ఒకటి.